వేటకెళ్లే మనిషికి ఏఆర్‌టీ మాత్రలు ఎందుకు తప్పుతాయి?

మీ బావగారు గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు వెళ్తారని, నెలకు ఐదారు ఏఆర్‌టీ మాత్రలు (హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే మందు) మిగిలిపోతున్నాయని, ఇది నిర్లక్ష్యమేనా అని అడిగారు. ఆ మాట పక్కన పెట్టండి. మన శ్రీకాకుళం తీరంలో మాత్ర తప్పేది చాలాసార్లు మతిమరుపు వల్ల కాదు, నలుగురి ముందు మింగలేక.

బోటులో అందరూ ఒకే చోట తిని, ఒకే చోట పడుకుంటారు. 30 మాత్రల డబ్బా సంచిలో గలగలమంటే "ఏం మందురా అది" అని ఎవడో ఒకడు అడుగుతాడు. ఆ భయంతో డబ్బాను ఒడ్డునే వదిలి సముద్రంలోకి పోతారు. మూత కింద ఖాళీలో దూది కుక్కితే చప్పుడు రాదు. లేబుల్ పీకేస్తే గడువు తేదీ మాత్రం డబ్బా మీద రాసుకోవాలి. లోపలున్న తేమ పీల్చే చిన్న పొట్లం తీయొద్దు, మాత్రలు కాగితంలో చుట్టొద్దు, ఉప్పుగాలికి పాడవుతాయి. అడిగినవాళ్లకు "బీపీ మాత్ర" అంటే చాలు. అది కూడా రోజూ వేసుకునేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి. ఇచ్చిన మాత్రల్లో 95 శాతం పైన వేసుకోవాలని ఏఆర్‌టీ కేంద్రాలు అడుగుతాయి. నెలలో ఒకటి తప్పితే 97, రెండైతే 93. ఆరు తప్పితే 80కి దిగిపోయినట్టే. మరిచింది గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండూ కలిపి మాత్రం వద్దు.

కార్తీక సోమవారం ఉపవాసమని మానేస్తారు. అక్కర్లేదు, ఇది పరగడుపునా వేసుకోవచ్చు. మద్యం తాగిన రోజు మాత్ర వేస్తే ప్రమాదమని ఇంకో నమ్మకం. తాగుడు మంచిది కాదు, అది వేరే సంగతి, ఆ రోజు కూడా మాత్ర తప్పకూడదు. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టడం లేదంటే పొద్దుటికి మార్చుకోవాలి. గ్యాస్‌కి తాగే తెల్ల మందు (యాంటాసిడ్) దీని పనిని తగ్గిస్తుంది. దానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లయితే కిడ్నీ భయం ఇంకొకటి. అది ఉత్త భయం కాదు, టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీని దెబ్బతీస్తుంది. డోలుటెగ్రావిర్ మాత్రం కిడ్నీ బాగున్నా, దాని పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్‌ను కొంచెం పెంచి చూపిస్తుంది. రిపోర్టు చూసి సొంతంగా మానేయకుండా డాక్టరుకు చూపిస్తే అవసరమైతే అబాకవిర్ ఉన్న మందుకు మారుస్తారు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ మాత్రలు అదే పనిగా మింగడం మాత్రం ఆపించండి.

ఇంకోటి, తిట్టొద్దు. తిట్లు తిన్నవాళ్లు మిగిలిన మాత్రలు పారేసి ఖాళీ డబ్బా తెస్తారు. మాత్రల లెక్క నూటికి నూరు వస్తుంది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) మాత్రం వెయ్యి దాటొచ్చు. "ఎందుకు మానేశావు" అనకుండా "బోటు మీద ఎక్కడ పెడుతున్నావు, ఏ వేళకి వేస్తున్నావు" అని అడగండి.

వేటకు బయల్దేరే ముందే ఏఆర్‌టీ కేంద్రంలో ఎన్ని నెలలు ఊళ్లో ఉండరో చెప్పాలి. వైరల్ లోడ్ అదుపులో ఉంటే రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తారు. అంతకన్నా ఎక్కువైతే గుజరాత్ కేంద్రానికి బదిలీ రాయించుకుని, ఏఆర్‌టీ పుస్తకం వెంట తీసుకెళ్లాలి. దగ్గరి కేంద్రం ఎక్కడో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.