కర్ణుడు మర్చిపోయిన మంత్రం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల చదివాను. హాస్టల్ బాగా వచ్చింది. స్టడీ అవర్లో నోట్‌బుక్ కింద కథల పుస్తకం దాచుకోవడం, ట్రంకు పెట్టె తాళంచెవి మొలతాడుకి కట్టుకోవడం, ఆదివారం ఎవరూ చూడ్డానికి రాని పిల్లలు గేటు వైపు చూడకుండా తిరగడం... ఇవన్నీ దగ్గర్నుంచి చూసినవాళ్లే రాయగలరు.

ఇబ్బంది మూడో అధ్యాయంతో మొదలైంది. తాను కర్ణుడి అంశ అని తెలిసిన పేజీలోనే తొమ్మిదో తరగతి కుర్రాడు బ్రహ్మాస్త్రం వేసేశాడు. నీలం వెలుగు, ఉరుము, కూలిన గోడ. గ్రాఫిక్స్ బాగున్నాయి గానీ, కుర్రాడే కనబడలేదు.

కర్ణుడి కథలో మనల్ని పట్టి లాగేది అస్త్రం కాదు, అది అతనికి దొరికిన తీరు. బ్రాహ్మణుణ్ణని అబద్ధమాడి పరశురాముడి దగ్గర చేరాడు. గురువు తన ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతుంటే, పురుగు తొడ తొలిచేస్తున్నా కదల్లేదు. ఆ ఓర్పే అతన్ని పట్టించింది. అసలైన వేళకి మంత్రం గుర్తురాకుండా పోతుందని గురువు శపించాడు. ఇప్పుడు నీ పాఠకుల వయసు తలుచుకో. ప్రశ్నపత్రం చేతికి రాగానే చదివిందంతా మాయమైపోతుందేమోనన్న టెన్షన్ లేని పిల్లలెవరు? పురాణం దాన్ని తెచ్చి నీ చేతిలో పెడితే, నువ్వు వెలుగుల వెంట పడ్డావు. ఏ పాత్రకి ఏ శక్తి ఇచ్చినా, దాని కోసం ఆ పాత్ర ఏం పోగొట్టుకుందో ముందు రాసిపెట్టుకో. అది తేలకపోతే ఆ శక్తి ఇవ్వకు.

కచుడి కథ మళ్లీ చదువు, ఆదిపర్వంలో ఉంది. దేవతల వైపువాడై ఉండి, శత్రువులైన రాక్షసుల గురువు శుక్రాచార్యుడి దగ్గరే శిష్యుడిగా చేరాడు. రాక్షసులు చంపడం, కూతురు దేవయాని ఏడుపు చూడలేక శుక్రాచార్యుడు బతికించడం. చివరికి వాళ్లు అతన్ని కాల్చి, బూడిద సురలో కలిపి, గురువు చేతే తాగించారు. కచుడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీల్చుకు రావాలి. గురువు మళ్లీ బతకాలంటే లోపలున్న శిష్యుడికి చచ్చినవాళ్లని బతికించే మృతసంజీవని విద్య నేర్పాలి. ఏళ్ల తరబడి నోరు తెరిచి అడగకుండా ఎదురుచూసిన విద్య కచుడికి అలా చేతికొచ్చింది! ఆ తర్వాత దేవయాని ప్రేమ, అతను కాదనడం, నేర్చిన విద్య నీకు పనిచేయదని ఆమె శాపం. నేను నేర్పినవాళ్లకి పనిచేస్తుందిలే అని అతను వెళ్లిపోయాడు. ఇంత బిగువైన బడి కథ నేనెక్కడా చూడలేదు. ప్రహ్లాదుడిదీ బడి కథే. పంతుళ్లు పక్కకి వెళ్లగానే రాక్షసుల పిల్లల్ని పోగేసి తన పాఠం చెప్పేవాడు. అలాంటివాడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు, హెడ్మాస్టర్‌కి నిద్ర పట్టనివ్వడు.

హాస్టల్‌ని అంత బాగా రాసి, నాలుగో అధ్యాయానికల్లా కుర్రాణ్ణి మబ్బుల్లోని రాతికోట స్కూలుకి పంపేశావు. ఎందుకమ్మా? 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైనప్పటి నుంచీ ఎన్ని తరాల పిల్లలు ఇల్లు వదిలి ఇలాంటి బళ్లలో పెరిగారో! పరశురాముడు తపస్సు చేశాడని చెప్పే మహేంద్రగిరి కూడా ఎక్కడో లేదు, శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉంది. నీ హాస్టల్‌ని ఇవతలి ఊళ్లో పెడితే పీఈటీ సారు గొడ్డలి పట్టుకు కనిపించినా ఎవరూ అనుమానించరు, కట్టెలు కొడుతున్నాడనుకుంటారు.

ఏకలవ్యుడి వంశపు అమ్మాయిని హీరోకి స్నేహితురాలిగా పెట్టావు. మంచి ఆలోచన. కానీ పాపం, ఆ పిల్ల నవలంతా అతనికి సాయం చేస్తూనే ఉంది. ద్రోణుడు చేర్చుకోనన్న కుర్రాడి మనిషి తను. బొటనవేలు అడిగిన విద్యని గొప్పగా చెప్పే చోటే చదువుకుంటోంది. ఆమెకి కోపం రానీ. నీ హీరో మీద కూడా రానీ. నన్నడిగితే ఈ నవలకి అసలు కథానాయిక ఆమె కావచ్చు. నువ్వు ఒప్పుకోకపోతే నా బలవంతమేం లేదు.

దేవతల చేత 'ఓయీ బాలకా' అనిపించడం మాత్రం మానెయ్. పిల్లలు నవ్వుతారు.

మొత్తం నవల ఇప్పుడే తిరగరాయకు. మూడో అధ్యాయం ఒక్కటే రాసి, ప్రింట్ తీసి పోస్టులో పంపు. నా కళ్లకి ఫోన్ తెర పడటం లేదు.