క్యాన్సర్ రోగులను ఫోన్, వీడియో ద్వారా అందే మానసిక వైద్యానికి ఎలా ఒప్పించాలి?

ఇంటి నుంచే మానసిక నిపుణుడితో మాట్లాడే వీలున్నా రోగులు వెనకాడుతున్నప్పుడు, మొదటి మాట క్యాన్సర్ వైద్యుడి నోట రావడమే మేలని నా అభిప్రాయం. "మీకు మానసిక సమస్య ఉంది" అంటే రోగి ముడుచుకుపోతారు. "నిద్ర పట్టకపోవడం, స్కాన్ ఫలితం వచ్చేదాకా ఉండే గుబులు కూడా మేం చూడవలసినవే" అంటే అదీ చికిత్సలో భాగమేనని గ్రహిస్తారు. ఇందుకు 0 నుంచి 10 వరకు అంకెలుండే ‘డిస్ట్రెస్ థర్మామీటర్’ బాగా పనికొస్తుంది. గడిచిన వారంలో తాను పడిన బాధ ఎంతో రోగే అందులో గుర్తు పెడతారు. సాధారణంగా 4 లేదా అంతకు మించితే మరింత వివరంగా పరిశీలిస్తారు.

చాలా రకాల కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి కనుక, ఆ రోజుల్లో ప్రయాణమూ ఇన్ఫెక్షన్ భయమూ లేకుండా మాట్లాడవచ్చని చెప్పండి. జుట్టు రాలిన తలతో తెరపై కనిపించడానికి ఇష్టపడనివారికి మామూలు ఫోన్ కాల్ సరిపోతుంది. ఇంట్లోవాళ్లు వింటారన్న సంకోచం ఇంతకంటే బలమైనది. మరణభయాన్ని జీవిత భాగస్వామి వింటుండగా బయటపెట్టడం చాలా కష్టం గనుక, ఆ సమయంలో గది ఖాళీగా ఉండేలా కుటుంబమే చూడాలి. మొదటి కాల్‌ను ఆసుపత్రిలోనే నర్సు దగ్గరుండి కలిపితే సాంకేతికపరమైన బెరుకు చాలావరకు తగ్గుతుంది.

నిపుణుడు మందులు రాస్తే క్యాన్సర్ వైద్యుడికి తప్పక తెలియజేయాలి. ఉదాహరణకు, కుంగుబాటుకు వాడే పారోక్సెటిన్ శరీరంలో రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ క్రియాశీల రూపంలోకి మారడాన్ని తగ్గిస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తే మాత్రం తర్వాతి కాల్ కోసం ఆగకుండా, రోగిని ఒంటరిగా వదలకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.