వయొలిన్ మాన్పిస్తే మార్కులు పెరుగుతాయా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఎనిమిదో ఏట నుంచి వయొలిన్ నేర్చుకుంటోంది, రోజూ రెండు గంటలు సాధన చేస్తుంది. పోయిన సెమిస్టర్‌లో మార్కులు బాగా తగ్గాయి, ఆల్గారిదమ్స్ సబ్జెక్టు పోయింది. దాంతో వయొలిన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. సంగీతమో చదువో తేల్చుకోమంటే ఏమీ మాట్లాడటం లేదు. రెండూ కలిసొస్తాయని ఆరు నెలల ‘ఏఐ మ్యూజిక్’ ఆన్‌లైన్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. చదువుతో పాటు సంగీతం, మ్యూజిక్ టెక్నాలజీ డిగ్రీ, పూర్తిగా సంగీతం: ఈ మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరా?
— ఒక తండ్రి

జవాబు: పోలిక తర్వాత చెబుతాను. ముందు మీ భయం సంగతి మాట్లాడుకుందాం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరింట్లో గిటార్, ఇంకొకరింట్లో కీబోర్డు, వాయిద్యం మారుతుందంతే. మార్కులతో మొదలుపెట్టినా మనసులో ఉన్న ప్రశ్న వేరు: పిల్ల డిగ్రీ మధ్యలో వదిలేసి సంగీతమంటూ వెళ్లిపోతుందేమో అని. మీ అమ్మాయి అలా అన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కంప్యూటర్ సైన్స్ వద్దన్నట్టూ లేదు. రెండూ ఇష్టపడుతున్న పిల్లని ఏదో ఒకటి వదులుకోమన్నది మీరే. ఏ జవాబు చెప్పినా ఒకటి పోతుందని తెలిశాక తను మాత్రం ఏం మాట్లాడుతుంది?

ఇక మార్కులు. ఆల్గారిదమ్స్ అంటే ఒక సమస్యను కంప్యూటర్ మెట్టుమెట్టుగా తేల్చే పద్ధతులు. రెండో ఏడాది వాటిలో తడబడేవాళ్లలో చాలామంది ఏ వాయిద్యమూ ముట్టుకోనివాళ్లే. మొదటి ఏడాది ప్రోగ్రాం రాసి అది నడిస్తే చాలు. ఇక్కడ అది ఎందుకు సరిగ్గా నడుస్తుందో, డేటా పదింతలైతే ఎంతసేపు పడుతుందో కూడా చెప్పాలి. రికర్షన్ (ప్రోగ్రాం తనను తానే మళ్లీ పిలుచుకోవడం), డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న లెక్కల జవాబులు పట్టికలో దాచి పెద్ద లెక్క తేల్చడం) దగ్గర బాగా చదివే పిల్లలు కూడా మొదటిసారి ఖంగు తింటారు. కాబట్టి వీలైతే తన జవాబు పత్రం తెప్పించుకుని ఇద్దరూ కలిసి చూడండి. చివరి ప్రశ్నలు రాయకుండా వదిలేసి ఉంటే టైం చాలలేదని అర్థం. అన్నీ రాసినా తప్పులు వచ్చి ఉంటే విషయం అర్థం కాలేదని. అర్థం కాని పుస్తకం ముందు ఇంకో రెండు గంటలు కూర్చుంటే ఏం వస్తుంది? ఎవరో ఒకరు పక్కన కూర్చుని విడమరిచి చెప్పాలి. ఈ తేడా చూడకుండానే మీరు శిక్ష వేసేశారు.

మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ తాళం వేయడం తప్పు. తనకు ఇరవై ఏళ్లు రాబోతున్నాయి. పదేళ్లకు పైగా రోజూ ఒక పని మీద కూర్చోగలిగిన పిల్లకి క్రమశిక్షణ లేదని ఎలా అనుకున్నారు? కష్టమైన సంగతి ఒకటి వయొలిన్ మీద పలకనప్పుడు తను ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? మొత్తం పాట మళ్లీ మొదటి నుంచి వాయించదు. తప్పిన చోటే ఆగుతుంది. వేగం సగానికి తగ్గిస్తుంది. ఏ వేలు ఆలస్యంగా పడుతోందో, విల్లు ఎక్కడ తిరుగుతోందో చూసుకుంటుంది. అది కుదిరాక వేగం కొంచెం కొంచెం పెంచుతుంది. ఆల్గారిదమ్స్ కూడా ఇలాగే చదవాలి. నాలుగు అంకెల చిన్న ఉదాహరణ తీసుకుని, కాగితం మీద పట్టిక గీసి, ఒక్కో గడి చేత్తో నింపుతూ ఎక్కడ తప్పుతోందో పట్టుకోవాలి. ఈ పద్ధతి తనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. చదువులోనూ ఇదే వాడొచ్చని చెప్పేవాళ్లు ఉంటే చాలు.

ఇప్పుడు ఆ ఏఐ మ్యూజిక్ కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. కోర్సు వివరాల్లో గణితం ఎంత ఉందో ముందు చూడండి. నాలుగు మాటలు టైప్ చేస్తే పాట తయారుచేసే యాప్‌లు వాడటం నేర్పించి సర్టిఫికెట్ ఇచ్చేదైతే, ఆ యాప్ ఏడాది తిరిగేసరికి మారిపోతుంది, లేదా ఎవరైనా గంటలో నేర్చుకునేంత తేలికైపోతుంది. గంటలో వచ్చే పనికి జీతమిచ్చి ఎవరు పెట్టుకుంటారు?

ధ్వని మీద సాఫ్ట్‌వేర్ పని నిజంగానే ఉంది. వీడియో కాల్‌లో వెనక గోల తీసేయడం, వినికిడి యంత్రాలు, ఆటల్లో శబ్దాలు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, పాటలు సూచించే యాప్‌లు. కానీ వాటిలోకి దారి సిగ్నల్ ప్రాసెసింగ్ (ధ్వని లాంటి తరంగాలను అంకెలుగా మార్చి లెక్కలు చేయడం), లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ అనే గణితం, గట్టి ప్రోగ్రామింగ్ మీదుగా వెళుతుంది. అంటే తను ఇప్పుడు చదువుతున్న డిగ్రీ మీదుగానే. ఆల్గారిదమ్స్ పోయిన సెమిస్టర్‌లో ఇంకో కోర్సు నెత్తిన పెడితే ఉన్న టైం కూడా పోతుంది.

ఆ కోర్సు విషయంలో నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. సంగీతం డబ్బు తెస్తేనే ఇంట్లో చోటు అని అమ్మాయికి మీరు చెబుతున్నట్టు ఉంది. మీ ఉద్దేశం మంచిదే, నాకు తెలుసు. కానీ తను వయొలిన్ పట్టుకునేది ఉద్యోగం కోసం కాదు. అది తనకు ఊపిరి ఆడే చోటు. దాన్ని కూడా రెజ్యూమెలో ఒక లైన్‌గా మార్చేస్తే, పరీక్ష పోయిన రోజు తను దేని దగ్గరికి వెళ్లాలి?

ఈ రెండూ కలిసిన చోట పనిచేసినవాళ్లు ఎలా వచ్చారో చూడండి. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కంప్యూటర్‌తో సంగీతం పలికించే ప్రోగ్రాం రాసిన మాక్స్ మాథ్యూస్ ఇంజనీరు, వయొలిన్ ఆయన సరదా. ఆ ప్రోగ్రాం వాయించిన మొదటి ముక్క పదిహేడు సెకన్లు. గొంతు శ్రుతిని సరిదిద్దే ఆటో-ట్యూన్‌ను 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ ఫ్లూట్ వాయించే మనిషి. అంతకుముందు చమురు కోసం భూమిలోకి పంపిన ధ్వని తరంగాల లెక్కలు చేసేవాడు, ఆ లెక్కల అనుభవమే ఇక్కడా అక్కరకొచ్చింది. జాన్ చౌనింగ్ దారి దీనికి తలకిందులు. ఆయన స్వరకర్త, స్టాన్‌ఫర్డ్‌లో సంగీతం చదువుతూ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. 1967లో ఆయన కనిపెట్టిన, ఒక తరంగంతో ఇంకోదాన్ని ఊపి కొత్త ధ్వనులు పుట్టించే ఎఫ్‌ఎం సింథసిస్ మీదే 1983లో యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చింది. ముగ్గురికీ రెండు విద్యలూ విడివిడిగా వచ్చు. ఎక్కడ కలుస్తాయో తర్వాత తెలిసింది.

మీ అమ్మాయికి ఆసక్తి ఉంటే కోర్సు ఫీజు లేకుండా ఒక సాయంత్రం ఇలా గడపమనండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తన వయొలిన్ పది సెకన్లు రికార్డు చేసి, స్పెక్ట్రోగ్రామ్, అంటే ధ్వనిలో ఏయే శ్రుతులున్నాయో చూపే బొమ్మ, తెరవాలి. 440 హెర్ట్జ్‌కి (సెకనుకు 440 కంపనాలు) శ్రుతి చేసిన తీగ ఒక్కటే మోగించినా 440 దగ్గర ఒక గీత, 880 దగ్గర ఇంకోటి, 1320 దగ్గర మరోటి, అలా పైకి గీతలు కనబడతాయి. వేలు ఊపితే ఆ గీతలన్నీ కలిసి అలల్లా వంకర్లు పోతాయి. సాధారణంగా సెకనుకు 44,100 అంకెలుగా ధ్వని నిల్వ అవుతుంది. వాయిస్తుండగానే కంప్యూటర్ వాటిని 256 చొప్పున తీసుకుంటే, ఒక్కో విడతకి దొరికేది ఆరు మిల్లీసెకన్ల లోపే. ఆలోగా లెక్క పూర్తి కాకపోతే చెవికి టిక్కుమని వినబడుతుంది. ఆల్గారిదమ్ ఎంత వేగంగా నడవాలన్న ప్రశ్న పుస్తకంలో నీరసంగా కనిపించిన పిల్లకి, ఆ టిక్కు విన్నాక అలా కనిపించదు. ఇది బలవంతం మాత్రం కాదు. వద్దంటే వదిలేయండి.

మీరడిగిన పోలికకి ఇప్పుడు పెద్దగా చోటు అక్కర్లేదు. పూర్తిగా సంగీతం అన్న దారిలో ఎక్కువమందికి కచేరీల కంటే పాఠాలు చెప్పడం, ఇతరుల పక్కన వాయించడం, రికార్డింగుల మీదే సంపాదన నడుస్తుంది. దానికి తగ్గ సత్తా ఉందో లేదో మీరూ నేనూ చెప్పలేం, తన గురువుగారు చెప్పాలి. అదీ అమ్మాయి తనంతట తాను అడిగినప్పుడు. మ్యూజిక్ టెక్నాలజీ డిగ్రీల్లో ఒకే పేరు మీద రెండు రకాలుంటాయి. కొన్ని స్టూడియో రికార్డింగ్ నేర్పుతాయి, కొన్ని గణితం, ప్రోగ్రామింగ్ నేర్పుతాయి. పేరు కాదు, సిలబస్ చూడాలి. రెండో రకం కంప్యూటర్ సైన్స్ తర్వాత పీజీలో చేయడమే మేలని నా అభిప్రాయం. స్టాన్‌ఫర్డ్‌లోని కంప్యూటర్ సంగీత పరిశోధన కేంద్రం సీసీఆర్‌ఎంఏ, బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా, లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయాల లాంటి చోట్ల ఆ చదువులున్నాయి. కాబట్టి ఇప్పుడున్న డిగ్రీ పూర్తి చేస్తే ఏ తలుపూ మూసుకుపోదు. ఈ ఏడాదే తేల్చాల్సిందంటూ ఏమీ లేదు. ఒక సబ్జెక్టు పోయిందని జీవితం పోదు, మీరు కంగారు పడకండి.

ఇంట్లో చేయాల్సింది చెబుతాను. తాళం తీసి వయొలిన్ ఇచ్చేయండి, షరతులు పెట్టకుండా. సాధన ఎప్పుడు, ఎంతసేపు అన్నది తనే రాసుకోనివ్వండి. పరీక్షల వారాల్లో రెండు గంటలని అరగంట చేసుకోమనండి, సున్నా మాత్రం చేయొద్దు. విల్లు పట్టు, వేళ్ల శ్రుతి వారాల తరబడి ముట్టుకోకపోతే వెనక్కి పోతాయి, తిరిగి తెచ్చుకోవడానికి ఇంకా ఎక్కువ టైం పడుతుంది. పోయిన సబ్జెక్టుకి కాలేజీలో సీనియర్‌నో, పాఠం చెప్పిన టీచర్‌నో వారానికి ఒక్కసారి కలిసేలా చూడమనండి. వెళ్లడానికి బిడియపడితే మీరు వెంట వెళ్లొద్దు, ఒక స్నేహితురాలిని తీసుకెళ్లమనండి. మూడో ఏడాది ఐచ్ఛిక సబ్జెక్టులు వచ్చినప్పుడు సిగ్నల్ ప్రాసెసింగ్ ఉందేమో చూసుకోమనండి. తను దాన్ని కాదని డేటాబేస్ తీసుకున్నా, వయొలిన్ వయొలిన్‌గానే ఉండనీ అన్నా, అది తన ఇష్టం.