అడగండి చెప్తాం: మే నెలలో సైన్యం నడిచే కోట

ప్రశ్న: మా చెల్లెలి కొడుకు గ్రీస్ వెళ్లొచ్చి, క్రీట్ దీవిలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాడుబడ్డ కోట ఫోటోలు చూపించాడు. నాలుగు గోడలు, మూలకో బురుజు, లోపలంతా ఖాళీ. ఫ్రాంగోకాస్టెల్లో అట పేరు. ఏటా మే నెలలో అక్కడ చచ్చిపోయిన సైనికులు నడుస్తారట! గోల్కొండ చూసి పెరిగినవాళ్లం, మాకైతే అది కోటలానే అనిపించలేదు. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: మీకలా అనిపించడంలో తప్పేం లేదండీ. అది రాజు కాపురం ఉండటానికి కట్టింది కాదు, పెద్ద పోలీస్ ఔట్‌పోస్ట్ అనుకోండి. అప్పట్లో క్రీట్ వెనిస్ వాళ్ల చేతిలో ఉండేది, 1371-74 మధ్య వాళ్లే కట్టారు. సముద్రపు దొంగల భయం ఎలాగూ ఉంది గానీ అసలు తలనొప్పి వెనక ఉన్న స్ఫాకియా కొండల జనంతోనే, ఎవరి మాటా వినని రకం. పగలు కట్టిన గోడని రాత్రికి రాత్రి పక్కూరి పాట్సోస్ అన్నదమ్ములు పడగొట్టేసేవాళ్లని, చివరికి వాళ్లని పట్టుకుని బురుజులకి ఉరి తీశారని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ద్వారం మీద వెనిస్ గుర్తు, రెక్కల సింహం ఉంటుంది, ఫోటోల్లో వెతకండి.

తర్వాత దీవి ఒట్టోమన్ తుర్కుల చేతికి పోయింది. 1770లో దస్కలోయానిస్ అనే స్ఫాకియా నాయకుడు రష్యా సాయం వస్తుందని నమ్మి తిరగబడ్డాడు. సాయం రాలేదు. ఈ కోటలోనే లొంగిపోయాడు, మరుసటి ఏడు క్రీట్‌లోనే ఉన్న హెరాక్లియాన్ పట్నంలో బతికుండగానే చర్మం ఒలిచి చంపారు.

మీవాడు చెప్పిన సైన్యం కథ 1828 నాటిది. గ్రీకు స్వాతంత్ర్య యుద్ధంలో హాజీమిఖాలిస్ దాలియానిస్ అనే ఆయన బయటి నుంచి కొన్ని వందల మందితో వచ్చి ఈ కోటలో మకాం పెట్టాడు. ఇక్కడొద్దు, కొండల్లోకి పోదాం అని స్థానికులు మొత్తుకున్నా వినలేదంటారు. ఒట్టోమన్ల తరఫున ముస్తఫా పాషా వేల మందితో వచ్చాడు. గోల్కొండ అంటే గుట్ట మీద ఉంది, గోడ వెనక గోడ, 1687లో ఔరంగజేబు అంతటివాడు కూడా ఎనిమిది నెలలు బయట కాచుక్కూర్చుని, లోపలివాడొకడు తలుపు తీస్తే గానీ అడుగు పెట్టలేకపోయాడు. ఇక్కడ చూస్తే చదును నేల, ముందు సముద్రం, ఎటు పోతారు? ఆ మే నెలలో దాలియానిస్‌తో సహా వందల మంది అక్కడే పోయారు. గెలిచి వెనక్కి వెళ్తున్న పాషా సైన్యాన్ని మాత్రం స్ఫాకియా వాళ్లు కనుమల్లో మాటేసి గట్టి దెబ్బ కొట్టారు, అంటే వాళ్లు చెప్పిన సలహానే సరైంది!

ఇక దెయ్యాలు. మే చివర్లో, జూన్ మొదట్లో, సముద్రం కదలకుండా ఉన్న తెల్లవారుజామున, నల్లటి నీడలు నడుస్తూ, గుర్రాల మీద, కోట వైపు సాగిపోతూ కాసేపు కనిపిస్తాయట. అక్కడివాళ్లు ద్రోసులీతెస్ అంటారు, ఆ దాలియానిస్ మనుషులేనని నమ్మకం. అదంతా ఎండమావి, సముద్రం అవతల లిబియాలో కదిలేవి ఇక్కడ కనిపిస్తున్నాయి అని కొందరి వివరణ. ఎండమావి అంటే నాకు అభ్యంతరం లేదు గానీ, లిబియాలో ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరు కవాతు చేస్తున్నారో కూడా వాళ్లే చెప్పాలి.

ఈసారి మీరే వెళ్తానంటే షెంజెన్ వీసా కావాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. మే చివర కావాలంటే ఆఖరి నిమిషం దాకా ఆగి టెన్షన్ పడొద్దు. కోట ముందున్న బీచ్ లోతు తక్కువ, నీడలు కనపడకపోయినా పిల్లలు బాగా ఆడుకుంటారు.