క్రిస్మస్ కానుకగా తుపాను సామాను ఇవ్వవచ్చా?

ప్రశ్న: నేను, మావారు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరి జీతం కలిపి నెలకు 90,000 రూపాయలు, ఇంటి ఖర్చు 70,000 దాకా అవుతుంది. అమ్మానాన్నలు రేపల్లె దగ్గర పల్లెటూరిలో, తమ్ముడి కుటుంబం విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు. 71 ఏళ్ల మా అత్తగారు గుంటూరులో ఒంటరిగా ఉంటారు. నాన్నకు 67 ఏళ్లు, ఇన్సులిన్ వాడతారు. 2023 డిసెంబరు తుపానులో ఊరికి కరెంటు లేక ఆయన చాలా ఇబ్బంది పడ్డారు. 2024 సెప్టెంబరు వరదలో తమ్ముడు బండి, ఫ్రిజ్, సర్టిఫికెట్లు పోగొట్టుకున్నాడు. ఏటా క్రిస్మస్‌కు బట్టలకు, కానుకలకు 35,000 వరకూ ఖర్చు పెడతాం. ఈసారి ఆపదలో పనికొచ్చే వస్తువులు ఇద్దామని నా ఆలోచన. పండుగ పూట అలాంటివి ఇస్తే అశుభమని అత్తగారు, అందరూ నవ్వుతారని మావారు అంటున్నారు. చేతిలో 15,000 ఉంది, మిగతా 20,000 క్రెడిట్ కార్డు మీద వాయిదాలలో పెట్టుకోవచ్చా? మా పొదుపు ఖాతాలో 40,000 మాత్రమే ఉంది.

సమాధానం: మీ ఆలోచన మంచిది. దానికి 35,000 అవసరం లేదు, 15,000 చాలు. కార్డు జోలికి మాత్రం వెళ్లకండి.

ముందు కార్డు సంగతి చెబుతాను. ‘వడ్డీ లేని వాయిదా’ అని చెప్పే పథకాలలోనూ ప్రాసెసింగ్ రుసుము, దాని మీద జీఎస్టీ సాధారణంగా ఉంటాయి. ఒక్క నెల పూర్తి బిల్లు కట్టలేకపోతే మిగిలిన బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం, అంటే ఏడాదికి దాదాపు నలభై శాతం వడ్డీ పడుతుంది. పైగా ఆ బాకీ తీరేవరకు కొత్తగా కొన్న వస్తువులకు కూడా వడ్డీ లేని గడువు వర్తించదు. నెలకు 70,000 ఖర్చున్న ఇంట్లో 40,000 నిల్వ ఉందంటే, ఇద్దరి జీతాలూ ఆగిన పక్షంలో అది పదిహేడు రోజులకు సరిపోతుంది. అమ్మానాన్నలకు ఆపద వచ్చినప్పుడు మొదట పరుగెత్తవలసింది మీరే కదా. ఆ రోజు మీ చేతిలో డబ్బు ఉండటం మీరు కొనే ఏ వస్తువు కంటే వాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది. అందువల్ల ఆ 20,000ను కార్డు మీద పెట్టే బదులు, ఆ వాయిదాలకు కట్టబోయిన మొత్తాన్నే జనవరి నుంచి నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మూడు నెలల ఖర్చు, అంటే 2,10,000 రూపాయలు పోగయ్యేవరకు దాన్ని ఆపకండి.

ఇక అశుభం మాట. పండుగ రోజున కష్టాన్ని తలచుకోవడం పెద్దవాళ్లకు నచ్చకపోవడం సహజమే కాబట్టి అత్తగారి మాటను తేలికగా తీసిపారేయకండి. అయితే మత్తయి సువార్తలో జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం అర్పించి వెళ్లిన వెంటనే యోసేపు రాత్రివేళ బిడ్డనూ తల్లినీ తీసుకొని ఐగుప్తుకు బయలుదేరవలసి వచ్చిందని ఆమె ఏటా వింటూనే ఉంటారు. ఆ కానుకలు ప్రయాణంలో దేనికి ఉపయోగపడ్డాయో వాక్యం చెప్పదు. రాత్రికి రాత్రి ఇల్లు విడవవలసి వచ్చిన కుటుంబం మాత్రం తొలి క్రిస్మస్ కథలోనే ఉంది. మీ నాన్నగారికైతే ఏమీ నచ్చజెప్పవలసిన పని ఉండదనుకుంటాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఆయనకు ఇరవై ఏళ్లకు అటూఇటూ ఉండి ఉంటాయి. కృష్ణకు ఈవలి ఒడ్డున రేపల్లె ప్రాంతంలో పెరిగినవారు ఆ రాత్రిని మరచిపోరు.

అయినా కొత్త బట్టలు మాత్రం మానకండి. ఇంటి మీద నక్షత్రం వెలిగించి, కొత్త చీర కట్టుకొని గుడికి వెళ్లాలని ఏడాదంతా ఎదురుచూసే తల్లి చేతికి నీళ్ల డబ్బా ఒక్కటే ఇస్తే, ఆమె పైకి ఏమీ అనకపోయినా మనసులో నొచ్చుకుంటుంది. చీర, పంచె పైన ఉండాలి, అవసరమైన సామాను వాటితో కలిసి రావాలి. మొత్తం 15,000లో అమ్మానాన్నలకు 8,500, తమ్ముడికి 4,000, అత్తగారికి 2,500 కేటాయించమని నా సలహా. ఈ మూడు ఇళ్లకూ ఒకే రకం వస్తువులు కొనకండి. ఆన్‌లైన్‌లో ‘ఎమర్జెన్సీ కిట్’ పేరిట అమ్మే సంచులు చాలావరకు కొండలెక్కేవారి కోసం, మంచు కురిసే దేశాల కోసం తయారైనవి. అందులోని రేకు దుప్పటి, దిక్సూచి మన తీరప్రాంతపు ఇంట్లో అటక మీదే ఉండిపోతాయి. ఏ ఇంటికి ఏ ఆపద వచ్చే అవకాశం ఉందో చూసి, దానికి తగినదే ఇవ్వాలి.

రేపల్లె ఇంటికి ప్రధానమైన ఆపద తుపాను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే క్రిస్మస్‌కు సరిగ్గా ఇరవై రోజుల ముందు. గాలి తగ్గాక కూడా కరెంటు, నీళ్లు, ఫోను లేకుండా రోజులు గడపవలసి రావడం అక్కడ పెద్ద కష్టం. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకుంటే ఇద్దరికి మూడు రోజులకు 24 లీటర్లు కావాలి. మూత బిగుతుగా పట్టే 20 లీటర్ల డబ్బాలు రెండుంటే ఇరుగుపొరుగుకు కూడా ఒక చెంబెడు ఇవ్వగలుగుతారు. వాటికి ఒక 900, చార్జింగ్ లైటుకు 900, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు ఉన్న 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుకు 1,400, బ్యాటరీలతో నడిచే చిన్న రేడియోకు 800 చొప్పున నా అంచనా 4,000 రూపాయలు. రేడియో ఎందుకని మీవారు అడగవచ్చు. సెల్ టవర్లు ఆగిపోయినప్పుడు తుపాను ఎటు పోతోందో ఇంటిలోపలికి చేరవేయగలిగేది ఆకాశవాణి. కొవ్వొత్తులు మాత్రం ఇవ్వకండి, గాలి వీచే రాత్రి పరదాలకు, దోమతెరలకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది. కొడుకులూ కూతుళ్లూ మొదట ఆలోచించేది ఇన్వర్టర్ గురించే, కానీ బ్యాటరీతో కలిపి దాని ఖరీదు మీ మొత్తం బడ్జెట్‌ను మించిపోతుంది, కాబట్టి దాన్ని ఈ ఏడాదికి వాయిదా వేయండి.

ఇన్సులిన్ విషయంలో డబ్బు కంటే ముందుచూపే ముఖ్యం. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సాధారణంగా 30 డిగ్రీల లోపు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు పాడుకాదు, కానీ రకాన్ని బట్టి ఈ గడువు మారుతుంది కాబట్టి నాన్నగారి డాక్టరును అడిగి, ఆయన చెప్పిన గడువును ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మూడు వారాల మందులు, సూదులు ఇంట్లో అదనంగా ఉండేలా ప్రతి నెలా మీరే ఫోను చేసి కనుక్కోండి.

అమ్మానాన్నల వాటాలో బట్టలకు 2,500 పోగా మిగిలిన 2,000ను వంద, యాభై నోట్లుగా మార్చి, నీళ్లు చొరని కవరులో పెట్టి అమ్మ చేతికివ్వండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తర్వాతి రోజులలో నేను అక్కడే ఉన్నాను. బ్యాంకులో ఎంత డబ్బున్నా ఏటీఎం పనిచేయక, కార్డు గీసే యంత్రానికి కరెంటు లేక, చేతిలో ఉన్న పెద్ద నోటుకు చిల్లర దొరకక పాల పాకెట్టు కోసం నిలబడ్డవారిని చూశాను, నేనూ వారిలో ఒకణ్ణి. ఇవాళ అందరం ఫోనుతోనే చెల్లిస్తున్నాం కాబట్టి ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

తమ్ముడి విషయం మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. బుడమేరు వాగు పొంగి మునిగిన ఇంటికి టార్చిలైటు, పవర్ బ్యాంకు ఇస్తే లాభం కొంచెమే, ఆయన పోగొట్టుకున్నవి వస్తువులు, కాగితాలు. కాబట్టి ఆయనకు బీమా ప్రీమియాన్ని కానుకగా ఇవ్వండి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తరహా పాలసీని ఇవ్వవలసి ఉంది. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద వల్ల జరిగే నష్టం కూడా దాని పరిధిలోకి వస్తుంది. అద్దె ఇల్లు కాబట్టి కట్టడాన్ని వదిలి ఇంటి సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. పాలసీ మాత్రం సామాను సొంతదారైన తమ్ముడి పేరు మీదే ఉండాలి, ప్రీమియం డబ్బు మీరు ఆయన ఖాతాకు పంపితే సరిపోతుంది. రెండు, మూడు కంపెనీల నుంచి కొటేషన్లు తీసుకోండి. నగలకు రక్షణ విడిగా అడిగితేనే వస్తుందని గుర్తుంచుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని వార్త వచ్చాక పాలసీ కోసం తిరిగితే ప్రయోజనం ఉండదు, డిసెంబరులోనే పని పూర్తి చేయండి.

కొత్త బండి కొని ఉంటే దాని బీమా కాగితాన్ని కూడా ఒకసారి తీసి చూడమనండి. చట్టప్రకారం తప్పనిసరైన థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే వరదలో మునిగిన సొంత బండికి ఒక్క రూపాయి కూడా రాదు, సొంత నష్టానికి వర్తించే భాగం కూడా ఉండాలి. ఆ భాగం ఉన్నవారు కూడా తరచూ చేసే పొరపాటు ఒకటుంది. నీళ్లు తీశాక బండి నడుస్తుందేమో చూద్దామని స్టార్ట్ చేస్తారు, నీరు చేరిన ఇంజను అప్పుడు దెబ్బతింటుంది, ఆ నష్టం వరద వల్ల కాక మీరు నడపడం వల్ల వచ్చిందని కంపెనీ క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంది. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా తోసుకొని వెళ్లాలి. ఈ ఒక్క మాట తమ్ముడికి తప్పకుండా చెప్పండి.

సర్టిఫికెట్లకు 300, 400 రూపాయలలో దొరికే, జిప్పు ఉన్న, నీళ్లు చొరని ఫోల్డరు కొనండి. ఫోల్డరును ఖాళీగా మాత్రం ఇవ్వకండి. పండుగకు వెళ్లినప్పుడు ఒక మధ్యాహ్నం కూర్చొని ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, బీమా పత్రాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు మీ చేత్తోనే సర్ది, లభించే వాటిని ప్రభుత్వ డిజిటల్ పత్రాల యాప్ అయిన డిజీలాకర్‌లోకి తెచ్చి, మిగిలిన వాటిని ఫోటోలు తీసి మీ ఫోనులో కూడా ఒక ప్రతి ఉంచండి. అసలు కాగితాలను లామినేషన్ చేయించకండి, ఆ తర్వాత వాటిని పరిశీలించడం, ముద్ర వేయడం కష్టమని కొన్ని కార్యాలయాలు అభ్యంతరం చెబుతాయి. అదే రోజున ఇంట్లోని గదులన్నిటినీ, ఫ్రిజ్, టీవీ బిల్లులతో సహా రెండు నిమిషాల వీడియో తీసి ఉంచితే రేపు క్లెయిము అవసరమైనప్పుడు అదే సాక్ష్యం. రేపల్లె ఇంట్లోనూ పట్టాదారు పాసు పుస్తకానికి, ఇంటి పత్రాలకు ఇదే పని చేయండి. రిజిస్టరైన దస్తావేజు పోయినా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు, కానీ దానికి దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిసి ఉంటే పని చాలా సులువవుతుంది కాబట్టి ఆ రెండూ మీ దగ్గర రాసి ఉంచుకోండి.

బ్యాంకు ఖాతాతో చేరగల రెండు పథకాలను కూడా తమ్ముడితో మాట్లాడండి. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రమాద మరణానికి 2 లక్షల రక్షణ ఇస్తుంది, 18 నుంచి 70 ఏళ్ల వారు చేరవచ్చు కాబట్టి నాన్నగారికి కూడా అర్హత ఉంది. 436 రూపాయల జీవనజ్యోతి పథకం ఏ కారణంతో మరణించినా 2 లక్షలు ఇస్తుంది, కానీ అందులో చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు. ఈ డబ్బు ఖాతా నుంచి ఏటా దానంతటదే కోత పడుతుంది, ఆ సమయంలో ఖాతాలో నిల్వ లేకపోతే రక్షణ ఆగిపోతుంది.

అత్తగారికి తుపాను కంటే స్నానాల గదిలో కాలుజారడం పెద్ద ప్రమాదం. పట్టుకోవడానికి గోడకు గట్టిగా బిగించే కమ్మీ, రాత్రి దానంతటదే వెలిగే చిన్న దీపం, పాతబడి ఉంటే కొత్త గ్యాస్ గొట్టం, వీటన్నిటికీ మేస్త్రీ కూలితో కలిపి 2,500 సరిపోవచ్చు. సామాను కొని ఇచ్చి వచ్చేయకుండా బిగించేదాకా మీవారు అక్కడ ఉండాలి. 112, 108 నంబర్లతో పాటు మీ ఇద్దరి నంబర్లు, పక్కింటివారి నంబరు పెద్ద అక్షరాలలో రాసి గోడకు అంటించండి. ఆమెకు 70 దాటాయి కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో నమోదు చేయించండి. ఆ పనికి ఖర్చు లేదు, ఒక పూట సమయం పడుతుంది. ఇదంతా ఆమెకు ఆపద సామానుగా కాక ఇంటికి చేసిన మరమ్మతుగానే కనిపిస్తుంది, అశుభమన్న మాట ఇక్కడ రాదు.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ, తల్లిదండ్రులకు, తోబుట్టువుకు, భర్త తల్లికి ఇచ్చే కానుకల మీద తీసుకున్నవారికి ఆదాయపు పన్ను ఉండదు.

ఇచ్చిన సామాను పెట్టెలో పాతబడిపోకుండా చూడటం కూడా కానుకలో భాగమే. పవర్ బ్యాంకు, లైటు మూడు నెలలకు ఒకసారి చార్జింగ్ పెట్టకపోతే అవసరమైన రోజున పనిచేయకపోవచ్చు. ప్రతి ఏడాది అక్టోబరు మొదటి ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చాక పెట్టె తెరిచి, బ్యాటరీలు మార్చి, మందుల తేదీలు చూసి, డబ్బాలు కడగమని అమ్మకు చెప్పండి. తుపానుల కాలం అప్పటికి దగ్గరపడుతుంది.

తమ్ముడి ఇల్లు కింది అంతస్తులో ఉందా పైన ఉందా, ఇంటి సామాను విలువ సుమారుగా ఎంత, కొత్త బండి బీమా ఎప్పటితో ముగుస్తుందో మీ ఉత్తరంలో లేదు. ఆ మూడు వివరాలూ రాస్తే ఎంత మొత్తానికి పాలసీ తీసుకోవాలో చెబుతాను. ఈలోగా నీళ్ల డబ్బాలు, రేడియో కొని పెట్టండి, వాటికి నా జవాబు కోసం ఆగనక్కరలేదు.