స్టీరింగ్ తిప్పితే టంగుమంటోందా? ముందు స్ప్రింగు కొస చూడండి

హనుమకొండలో ఇంటి ముందే స్నేహితులతో కలిసి కొత్త స్ప్రింగులు, స్ట్రట్లు (స్ప్రింగు మధ్యలో నిలబడే షాక్ అబ్జార్బర్లు) బిగించాక, ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే ముందు కుడివైపు టంగుమంటోందని రాశారు. స్ట్రట్టు పాడైందని నేను అనుకోను. ఒకరిని స్టీరింగ్ తిప్పమని, మీరు స్ప్రింగు బయటివైపు చెయ్యి ఆనించి చూడండి. చుట్ల మధ్య వేలు పెట్టకండి. స్ప్రింగు బిగుసుకుని ఒక్కసారిగా ఎగిరితే, దాని కింది కొస సీటులోని (అది కూర్చునే పళ్లెంలోని) మెట్టుకు ఆనలేదు, లేదా పై మౌంటు బేరింగు (స్ట్రట్టు పైకొసన అది తిరిగేలా చేసేది) తలకిందులుగా పడింది. కాజీపేటలో మా బావమరిది కారుకు నేనూ ఇదే తప్పు చేశాను. కొసకూ మెట్టుకూ మధ్య వేలెడు సందు! చీకట్లో కనబడలేదు.

స్ట్రట్టు దించి, ఎదురెదురుగా రెండు స్ప్రింగు కంప్రెసర్లు (స్ప్రింగును నొక్కిపట్టే మర క్లాంపులు) పట్టించి, స్ప్రింగు పై సీటును వదిలేదాకా సమానంగా నొక్కాకే స్ట్రట్టు పైన నడి నట్టు విప్పండి. తొందరపడితే అది తుపాకీ గుండే. కారు జాక్ స్టాండ్ల మీదే ఉండాలి, ఇటుకలు వద్దే వద్దు.

మీరు అడగలేదు గానీ, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందినుంచి కారు చట్రానికి కలిపే చెయ్యి) బుష్ (దాని రబ్బరు కీలు) బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా బిగించారా? అయితే వదులు చేసి, కారు బరువు చక్రాల మీద పడ్డాక మళ్లీ బిగించండి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రాల అలైన్‌మెంటు ఆ తరువాతే.