పిల్లల ఆరోగ్యం – పాఠకుల ప్రశ్నలు: స్కాన్ బాగానే ఉంది, మరి చేతులెందుకు మాట వినవు?

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఎనిమిదో నెలలోనే పుట్టాడు. ఎక్కాలు గడగడా అప్పజెబుతాడు, చదువులో వెనకబడలేదు. కానీ చొక్కా గుండీలు పెట్టుకోలేడు, సైకిల్ రాలేదు, రాత కోడి కెలికినట్టు ఉంటుంది. సంగటి తుంచి పులుసులో అద్దుకునేసరికి పులుసు మోచేతి దాకా కారుతుంది. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్ల దారిలో కొండెక్కినప్పుడు ఎన్నిసార్లు తట్టుకున్నాడో లెక్కలేదు. వాళ్ల అవ్వ మొద్దు చేతులంటుంది, బడిలో సోమరితనమంటున్నారు. తలకు ఎంఆర్ఐ తీయిస్తే అంతా బాగుందన్నారు. మెదడులో ఏ లోపమూ లేనప్పుడు ఇది మొండితనమే అనుకోవాలా?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: కాదమ్మా, మొండితనమూ కాదు, సోమరితనమూ కాదు. మామూలు ఎంఆర్ఐ మెదడు కట్టడాన్ని చూపిస్తుంది. గడ్డలు, పాత రక్తస్రావపు గుర్తులు, పుట్టుకతో వచ్చిన పెద్ద లోపాలు ఉంటే అందులో బయటపడతాయి. అయితే మెదడులోని భాగాలు ఒకదానితో ఒకటి ఎంత వేగంగా, ఎంత కచ్చితంగా కబుర్లు ఇచ్చిపుచ్చుకుంటున్నాయో ఆ బొమ్మలో కనిపించదు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇది డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, అంటే ఎదుగుదలలో కదలికల పొందిక కుదరని స్థితి కావచ్చు. దీన్నే కొందరు డిస్‌ప్రాక్సియా అంటారు. బడి వయసు పిల్లల్లో నూటికి అయిదారుగురిలో ఇది ఉంటుంది, మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరైనా ఇలాంటి పిల్లలు ఉంటారన్నమాట.

అలిపిరి దారిని మీరే ప్రస్తావించారు కాబట్టి అక్కడి నుంచే వివరిస్తాను. ఆ దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. మనలో ఎవరమూ ఒక్కొక్క మెట్టునూ చూసి, కొలిచి కాలెత్తము. నాలుగైదు మెట్లెక్కేసరికి కాలికి ఆ ఎత్తు అలవాటైపోతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారుగా మారినప్పుడు ఒకటి రెండు అడుగులు తడబడి, వెంటనే కొత్త కొలతకు సర్దుకుంటాము. ఈ ముందస్తు అంచనా లేనిదే నడక సాగదు, ఎందుకంటే కంటితో చూసి కదలికను సవరించుకోవడానికి సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా పడుతుంది, అంతలో కాలు మెట్టుకు తగలనే తగులుతుంది.

ఆ అంచనా వేసే పనిలో ముఖ్యమైనది తల వెనక, కింది భాగంలో ఉండే చిన్నమెదడు. పెద్దమెదడు కండరాలకు ఆదేశం పంపేటప్పుడే దాని నకలు చిన్నమెదడుకు చేరుతుంది. ఆదేశం అమలైతే కాలుగానీ చెయ్యిగానీ ఎక్కడికి చేరాలో అది ముందే లెక్కగట్టి, కీళ్ల నుంచి, కండరాల నుంచి, కళ్ల నుంచి వచ్చే సమాచారంతో పోల్చి, తేడా ఉంటే తర్వాతి ఆదేశాన్ని దిద్దుతుంది. బరువులో మెదడు మొత్తానికి పదో వంతే అయినా, మెదడులోని నాడీకణాల్లో దాదాపు అయిదింట నాలుగు వంతులు చిన్నమెదడులోనే ఉన్నాయి. మీ అబ్బాయి వంటి పిల్లల్లో ఈ అంచనా, ఈ దిద్దుబాటు తగినంత కచ్చితంగా జరగడం లేదన్నది పరిశోధకుల్లో ఎక్కువమంది మొగ్గే వివరణ.

అతడు సంగటి తినే తీరును ఒకసారి దగ్గర కూర్చుని గమనించండి. ఎంత నొక్కితే ముద్ద తెగుతుందో చేతికి ముందుగా తెలియదు కాబట్టి జారిపోతుందేమోనని గట్టిగా నొక్కుతాడు, అది వేళ్ల సందుల్లోంచి బయటికి వస్తుంది, మణికట్టు ఎటు తిప్పాలో తేల్చుకునేలోపు పులుసు కారిపోతుంది. పెన్సిల్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతాయి. అంత బలం పెట్టి రాసే పిల్లవాణ్ణి సోమరి అనడం అన్యాయం.

చిన్నమెదడు ఒక్కటే కారణమని చెప్పడం మాత్రం సరికాదు. ఒంటి భాగాలు ఎక్కడున్నాయో, వస్తువు ఎంత దూరంలో ఉందో కలిపి చూసే పారైటల్ భాగంలోనూ, మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నరాల దారుల్లోనూ, రెండు అర్ధభాగాలను కలిపే వంతెనలోనూ తేడాలు కనిపించాయి. ఇవన్నీ కొద్దిమంది పిల్లలను సమూహాలుగా పోల్చిన అధ్యయనాల్లో తేలినవి. ఒక పిల్లవాడి తలకు స్కాన్ తీసి ఈ స్థితిని నిర్ధారించే పద్ధతి ఇంకా లేదు. అందువల్ల మరో స్కాన్ కోసం డబ్బు ఖర్చు పెట్టవద్దని నా సలహా.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. గర్భంలోని చివరి నెలల్లోనే చిన్నమెదడు చాలా వేగంగా పెరుగుతుంది. దీనికి మీ పెంపకం కారణం కాదు, ఆ బాధ పెట్టుకోకండి.

నిర్ధారణకు పిల్లల డాక్టరు, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణులు) కలిసి పరీక్షించాలి. చూపును, ఏకాగ్రతను కూడా పరీక్షించాలి, ఎందుకంటే ఈ పిల్లల్లో సుమారు సగం మందికి ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత, నిలకడ కుదరని స్థితి కూడా ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో, అంటే డైక్ సెంటర్లలో, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉచితంగా చూస్తారు. అయితే ఇంతకుముందు చేయగలిగిన పనిని ఇప్పుడు చేయలేకపోవడం, ఒక పక్క బలహీనపడటం, నేల మీద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకుని లేవడం వంటివి కనిపిస్తే ఇది వేరే జబ్బు కావచ్చు, ఆలస్యం చేయకుండా నరాల నిపుణులకు చూపించాలి.

ఇంట్లో చేయదగినది కావలసిన పనినే నేర్పడం. బంతి పిసికితే గుండీలు పెట్టుకోవడం రాదు, గుండీలు పెట్టుకుంటేనే వస్తుంది. కెనడాలోని థెరపిస్టులు 1990ల్లో రూపొందించిన పద్ధతి ఒకటుంది: ఏం చేయాలో పిల్లవాడే చెప్పాలి, ఎలా చేయాలో తానే ఆలోచించాలి, చేయాలి, కుదిరిందో లేదో తానే సరిచూసుకోవాలి. పెద్ద గుండీలున్న వదులు చొక్కాతో, కంటికి కనబడే కింది గుండీ నుంచి మొదలుపెట్టించండి. కుదరకపోతే మీరు పెట్టేయకుండా, “ఎక్కడ తప్పింది నాయనా?” అని అడగండి. అంచనా తప్పిన చోటును తానే పట్టుకున్నప్పుడు మెదడు బాగా నేర్చుకుంటుంది. ఉదయం బడి హడావిడిలో కాకుండా సాయంత్రం తీరిక వేళ రోజూ పది నిమిషాలు చాలు.

ప్రశ్న: నేను నాలుగో తరగతికి చెబుతాను. మా తరగతిలో ఒక పాప నోటితో అన్ని జవాబులూ చెబుతుంది, రాయమంటే సగం పేజీ దాటదు. ఇరవైసార్లు ఇంపొజిషన్ రాయిస్తే చేయి తిరుగుతుందా?
– ఒక ఉపాధ్యాయిని, చిత్తూరు

జవాబు: తిరగదండీ. అలసిన వేళ్లతో రాసిన ఇరవయ్యోసారి మొదటిసారి కన్నా ఘోరంగా ఉంటుంది, అదే తప్పు కదలిక అలవాటవుతుంది. ఆ పాపకు సమయం ఎక్కువ ఇవ్వండి, బోర్డు మీది ప్రశ్నలను ఎక్కించుకోమనకుండా జవాబులు మాత్రమే రాయమనండి, కొన్నింటిని నోటితోనే చెప్పించుకుని మార్కులు వేయండి. పాదాలు నేలకు ఆనేలా, మోచేతులు బల్ల మీద నిలిచేలా కూర్చోబెట్టడం వల్లే కొందరి రాత కుదుటపడుతుంది. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు పాప నోటితో చెప్పిన జవాబుల సంగతి ముందు చెప్పి, రాత సంగతి ఆ తర్వాత ఎత్తండి.